చదువు – సందేహాలు: తెర మీది పాఠం, నోటుబుక్కులోని లెక్క

ఉన్నత పాఠశాల పిల్లల ఆన్‌లైన్ చదువుల గురించి పాఠకులు రాసిన లేఖల్లో ఒకే రకమైన సందేహాలను కలిపి, ఆరు ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో చెప్పింది సరిగా అర్థం కాలేదంటూ రోజూ సాయంత్రం రెండు గంటల పాటు ఫోన్‌లో గణితం, భౌతికశాస్త్రం వీడియోలు చూస్తుంది. అడిగితే అన్నీ అర్థమయ్యాయనే చెబుతుంది. పరీక్షలో మాత్రం లెక్క సగం చేసి ఆపేస్తోంది. లోపం వీడియోలలో ఉందా, మా అమ్మాయిలో ఉందా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, లోపం ఇద్దరిలోనూ లేదు. పాఠం చూడటమే పాఠం నేర్చుకోవడం అనుకోవడం వల్ల ఈ చిక్కు వచ్చింది. తొమ్మిదో తరగతిలో వచ్చే వర్గ బహుపదుల కారణాంక విభజననే తీసుకోండి. మధ్య పదాన్ని ఏ రెండు పదాలుగా విడదీయాలన్నదే ఆ లెక్కలో అసలైన పని. ఆ తర్వాత మిగిలినదంతా చేతి అలవాటు. వీడియోలో ఉపాధ్యాయుడు ఆ రెండు సంఖ్యలను క్షణంలో చెప్పేసి ముందుకు వెళతాడు. చూస్తున్న పిల్లకు తర్వాతి ప్రతి మెట్టూ తేలికగా తోస్తుంది కనుక లెక్క మొత్తం తనకు వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. పరీక్షలో ఆ రెండు సంఖ్యలనూ తానే వెతుక్కోవలసి వచ్చినప్పుడు కలం ఆగిపోతుంది. ఒడ్డున కూర్చుని ఈత చూసినవారికి నీళ్ల లోతు తెలియదు కదా.

ఇది మీ అమ్మాయికి మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికన్ మనోవైజ్ఞానికులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం గడిచాక పరీక్ష పెట్టినప్పుడు మాత్రం పుస్తకం మూసి రాసినవారే ఎక్కువ గుర్తుంచుకున్నారు. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువగా కనిపించింది మళ్లీ మళ్లీ చదివినవారిలోనే. కాబట్టి మీ అమ్మాయి అర్థమైందని చెబుతున్నది అబద్ధం కాదు. ఆ క్షణానికి ఆమెకు నిజంగానే అలా అనిపిస్తోంది.

వీడియోలు మాన్పించమని నేను చెప్పను. నలభై మంది కూర్చున్న తరగతిలో ఒకే విషయాన్ని మూడోసారి అడగడానికి ఎంతమంది పిల్లలు చేయెత్తుతారు? సిగ్గరి పిల్లకు ఆగి, వెనక్కి వెళ్లి, నాలుగుసార్లు వినే వీలు కలగడం చిన్న విషయం కాదు. తరగతి గది అంత తేలికగా ఇవ్వలేని సౌకర్యం అది. జ్వరం వచ్చి వారం రోజులు బడికి వెళ్లలేని పిల్లలకైతే దాన్ని మించిన ఆసరా లేదు. చూసే పద్ధతి మాత్రం మారాలి. ఉపాధ్యాయుడు లెక్కను బోర్డు మీద రాయగానే వీడియో ఆపి, ముందు తన నోటుబుక్కులో తాను చేయాలి. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఒక గీత గీసి, ఆ తర్వాతే మిగతా భాగం చూడాలి. మర్నాడు వీడియో చూడకుండా అదే పద్ధతిలో మరొక లెక్క చేసి, రెండింటినీ బడిలో గణితం చెప్పే మాస్టారికి చూపించాలి. ఇలా చేస్తే రెండు గంటల్లో ఆరు వీడియోలు పూర్తి కావు, ఒకటో రెండో అవుతాయి. అది నష్టం కాదు.

ఏ వీడియో చూడాలన్నది కూడా ముఖ్యమే. వెతికితే వచ్చిన మొదటి వీడియో వేరే బోర్డుకు, వేరే తరగతికి సంబంధించినది కావచ్చు. పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర ముద్రించి ఉన్న క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే, 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఆ పాఠానికే సంబంధించిన సామగ్రి దొరుకుతుంది. తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ విద్య ఛానల్ పాఠాలు మన పుస్తకాల క్రమాన్ని అనుసరిస్తాయి, పైగా ఉచితం. మెరుపులూ సంగీతమూ లేనందువల్ల పిల్లలు వాటిని చప్పగా ఉన్నాయంటారు. చప్పదనం వల్ల గణితానికి వచ్చే నష్టమేమీ లేదు.

కరోనా కాలంలో మనం చూసినదీ ఇదే. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. పాఠాలు చెప్పినవారు మంచి ఉపాధ్యాయులే, సిద్ధం చేసిన తీరూ శ్రద్ధగానే ఉంది. కాని ఆ పాఠం ఒకవైపుకే ప్రవహించింది: ఇంట్లో పిల్లవాడు ఏం రాశాడో టీవీకి తెలిసే వీలు లేదు. నోటుబుక్కులు తెప్పించుకుని దిద్దిన ఉపాధ్యాయులు, ఫోన్ చేసి లెక్క చెప్పించుకున్న ఉపాధ్యాయులు ఉన్నచోట ఆ పాఠాలు నిలిచాయి. ఆన్‌లైన్ చదువు విషయంలో నేను అడిగే మొదటి ప్రశ్న అందుకే ఎప్పుడూ ఒక్కటే: పిల్లలు రాసినదాన్ని ఎవరు దిద్దుతున్నారు?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు, అమర్చారు. పాఠం వేస్తే పిల్లలు నిశ్శబ్దంగా చూస్తున్నారు, సిలబస్ కూడా త్వరగా ముందుకు సాగుతోంది. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు బదిలీపై వెళ్లారు. ఆ పీరియడ్లు వీడియోలతో నడుపుతూ, నన్ను గదిలో ఉండమంటున్నారు. నేను గణితం ఉపాధ్యాయుడిని. ఇది మంచి ఏర్పాటేనా?
– ఒక స్కూల్ అసిస్టెంట్, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మాస్టారూ, నిశ్శబ్దాన్ని చూసి సంతోషపడకండి. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నారంటే అది ఏకాగ్రత కావచ్చు, కళ్లు తెరిచి నిద్రపోవడమూ కావచ్చు. ఏడెనిమిది నిమిషాలకు ఒకసారి ప్యానెల్ ఆపి, ఇప్పటివరకు చెప్పినదాని మీద ఒక ప్రశ్న రాయమనండి. ప్రశ్న రాయలేని పిల్లలు ఎంతమందో చూస్తే సిలబస్ ఎంత ముందుకు సాగిందో మీకే తెలుస్తుంది.

ఉపాధ్యాయుడు లేని పీరియడ్ ఖాళీగా పోవడం కంటే వీడియోతో నడవడం మేలు. మీరు గణితం చెబుతారు కనుక భౌతికశాస్త్రంలో సగం పని మీకు వచ్చినదే. వక్రీభవనం, కటకాలు, విద్యుత్తు వంటి పాఠాల్లో పిల్లలు తడబడేది ఎక్కువగా సూత్రాన్ని ఉపయోగించే చోట, ప్రమాణాలు మార్చే చోట, సంజ్ఞా సంప్రదాయంలో ధన రుణాల దగ్గర. అక్కడ మీ అవసరం వీడియో కంటే ఎక్కువ. కటకాల కిరణ చిత్రాలను తెర మీద చూసి వదిలేయనివ్వకండి; స్కేలు, పెన్సిలు పట్టుకుని ప్రతి ఒక్కరూ గీయాలి. పబ్లిక్ పరీక్షలో ఆ చిత్రం గీయవలసింది వారే.

కొలరాడో విశ్వవిద్యాలయం నిర్వహించే ఫెట్ అనే ఉచిత ప్రయోగాల వేదికను మీరు చూసి ఉండకపోతే తప్పక చూడండి. నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో దీనిని ప్రారంభించారు. విద్యుత్ వలయంలో నిరోధం పెంచితే ప్రవాహం ఎలా తగ్గుతుందో, లోలకం పొడవు మారిస్తే డోలన కాలం ఎలా మారుతుందో పిల్లలే చేసి చూడవచ్చు. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ముందే దించి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. సిగ్నల్ అందని గిరిజన గ్రామాల బడులకు అది పెద్ద సౌకర్యం. ప్రయోగం వేసే ముందు మాత్రం, ఏం జరుగుతుందనుకుంటున్నారో పిల్లల చేత ఒక వాక్యం రాయించండి. అలా రాయించకపోతే అది ఆటగా మిగిలిపోతుంది. లిట్మస్ కాగితం, నిమ్మరసం, సబ్బునీళ్లు వంటివి చేతికి అందేచోట తెర మీద ఆమ్లక్షార పరీక్షలు చూపించడం అనవసరం.

దగ్గరలోని ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారితో మాట్లాడి, వారానికి ఒక పీరియడ్ వీడియో కాల్‌లో పిల్లల సందేహాలు తీర్చే ఏర్పాటు చేసుకోగలిగితే, పిల్లలు రాసిన ప్రశ్నలకు గమ్యం దొరుకుతుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. ఏర్పాటు బాగా నడుస్తోందని పై అధికారులకు రాసే ప్రతి నివేదికలోనూ, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని ఖాళీ ఇంకా భర్తీ కాలేదన్న వాక్యం ఉండేటట్టు చూడమని మీ ప్రధానోపాధ్యాయులను కోరండి. ప్యానెల్ ఉంది కదా అనే మాట ఒకసారి అలవాటైతే ఆ ఖాళీ గురించి అడిగేవారే ఉండరు.

ప్రశ్న: నేను దుబాయ్‌లో పని చేస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడికి సొంత ఫోన్ ఉంది. పదో తరగతి చదివే మా అమ్మాయి, బడి గ్రూపులో వచ్చే హోంవర్కు చూడాలన్నా, పాఠం వినాలన్నా అన్న ఫోన్ ఇచ్చేదాకా ఎదురుచూడాలి. ఆమెకూ ఒకటి కొందామంటే మా నాన్నగారు ఆడపిల్ల చేతికి ఫోన్ వద్దంటున్నారు. పెద్దాయన మాట కాదనలేను, పిల్ల బాధా చూడలేను.
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: మీ ఇంటి పరిస్థితి దేశంలో చాలా ఇళ్లలో ఉంది. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వయసువారిని గురించి వెలువడిన అసర్ (ప్రథమ్ సంస్థ విద్యా సర్వే) 2023 నివేదిక ప్రకారం, స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతం మందికి మాత్రమే ఉంది. పాఠం ఫోన్‌లోకి వెళ్లిన ప్రతిసారీ, ఫోన్ ఎవరి చేతిలో ఉంటే చదువు వారి వైపే మొగ్గుతుంది. ఒకే ఇంట్లో పెరిగే అన్నాచెల్లెళ్ల మధ్య, ఇంటికి రాగానే ఇలాంటి తేడా పుట్టడం ఆన్‌లైన్ చదువులోని సమస్యలన్నింటిలోకీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది.

అయితే మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆ భయం ఆడపిల్ల విషయంలోనే కలగడం ఒక్కటే నాకు సమ్మతం కాదు. అసర్ 2024 నివేదికలో, ఫోన్ వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దానిని వాడినవారు 57 శాతం ఉంటే, సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం ఉన్నారు. అందులో అబ్బాయిలూ ఉన్నారు, అమ్మాయిలూ ఉన్నారు. ఈ మాట మీ నాన్నగారికి చెప్పి, ఇంట్లో నియమం ఏదైనా ఇద్దరు పిల్లలకూ ఒకటే ఉండాలని కోరండి.

మీరు రెండో ఫోన్ కొనగలిగితే దానిని అమ్మాయి ఫోన్ అనకుండా చదువు ఫోన్ అని పెట్టండి. అది హాల్లోనే ఉండాలి, రాత్రి పడుకునే వేళకు అబ్బాయి ఫోన్ కూడా హాల్లోకే రావాలి. కొనలేకపోతే, ఉన్న ఫోన్‌నే సాయంత్రం ఒక గంట అమ్మాయిదని నిర్ణయించి, ఆ వేళను కాపాడే బాధ్యత మీ నాన్నగారికే అప్పగించండి. ఫోన్ వద్దన్న పెద్దమనిషే రోజూ మనవరాలి చేతికి ఫోన్ ఇచ్చి తిరిగి తీసుకుంటే, ఆయనకు ధైర్యం కలుగుతుంది, ఆమెకు వేళ దక్కుతుంది. మీరు ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు ఆ రోజు చేసిన ఒక లెక్కను చెప్పమని అమ్మాయిని అడగండి. మీకు ఆ లెక్క రానవసరం లేదు; చెప్పడం వల్ల ఆమెకే అది స్థిరపడుతుంది.

మరొక విషయం మీరు స్వయంగా ఆమెతో చెప్పాలి. ఫోన్‌లో ఎవరైనా అసభ్యంగా రాసినా, ఫొటోలు అడిగి వేధించినా, ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయంతోనే ఆడపిల్లలు చాలామంది దాచిపెడతారు. చెప్పినందుకు ఫోన్ పోదని ఆమెకు మీరు మాట ఇవ్వండి. బాలల సహాయానికి 1098 నంబరు ఉన్నదని కూడా తెలియజేయండి.

ప్రశ్న: పదో తరగతి పిల్లలు రోజుకు ఎంతసేపు తెర చూడవచ్చు? మా వాడికి సాయంత్రానికి తలనొప్పి వస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ప్రజ్ఞత పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల్లో, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వారికి ఆన్‌లైన్ తరగతులు రోజుకు నాలుగుకు మించరాదని, ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు ఉండాలని సూచించింది. బడులు మూతపడిన రోజులకు చెప్పిన లెక్క అది. బడికి రోజూ వెళ్లే పిల్లలకు అందులో మూడో వంతు కూడా అవసరం ఉండదు. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేనినైనా 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెబుతారు. చిన్న ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకోవడం కంటే అదే పాఠాన్ని టీవీలో వేసి దూరంగా కూర్చుని చూడటం మంచిది. రోజూ కొంతసేపు పగటి వెలుతురులో ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి (దూరపువి మసకగా కనిపించడం) వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి, కాబట్టి ట్యూషన్ పేరుతో ఆటల వేళను తినేయకండి. తలనొప్పి కొనసాగుతుంటే ముందు కంటి పరీక్ష చేయించండి.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆటల శిక్షణ వల్ల బడికి క్రమంగా వెళ్లలేకపోతున్నాడు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివి పదో తరగతి పాసయ్యే మార్గం ఉందా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ద్వారా పదో తరగతిని తెలుగులో కూడా పూర్తి చేయవచ్చు. పద్నాలుగేళ్లు నిండి ఉండాలి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, పాఠాలు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయంలో ఉచితంగా దొరుకుతాయి. రెండు రాష్ట్రాలకూ సొంత సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. అయితే పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా పరీక్షలకు కేంద్రానికి వెళ్లక తప్పదు. పూర్తిగా ఆన్‌లైన్ స్కూల్ అంటూ ప్రకటనలు ఇచ్చేవారి దగ్గర డబ్బు కట్టే ముందు, వారు ఏ బోర్డు తరఫున పరీక్ష రాయిస్తారో, ఆ సర్టిఫికెట్‌ను ఇంటర్ బోర్డు అంగీకరిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ మార్గంలో నాకున్న సంకోచం ఒక్కటే: పద్నాలుగేళ్ల పిల్లవాడు తనంతట తాను వేళ పెట్టుకుని చదవడం చాలా కష్టం. ఇంట్లో ఒకరు రోజూ దగ్గర కూర్చోగలిగితేనే ఇటు వెళ్లండి. అంతకుముందు, హాజరు విషయంలో ఏదైనా వెసులుబాటు దొరుకుతుందేమో మీ ప్రధానోపాధ్యాయులను అడిగి చూడండి.

ప్రశ్న: ఒక లెర్నింగ్ యాప్ వారు ఇంటికి వచ్చి, మా అమ్మాయికి పరీక్ష పెట్టి, గణితంలో చాలా వెనుకబడి ఉందని భయపెట్టారు. మూడేళ్ల కోర్సుకు నెలవారీ వాయిదాలు అన్నారు, ట్యాబ్ ఉచితమన్నారు. సంతకాలు చేశాను. ఇప్పుడు అమ్మాయి దానిని తెరవడమే లేదు, వాయిదాలు మాత్రం బ్యాంకు నుంచి పోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక చిరు వ్యాపారి, గుంటూరు

జవాబు: మీరు నెలవారీ ఫీజు అనుకుంటున్నది చాలా సందర్భాల్లో ఫీజు కాదు, మీ పేరు మీద ఒక ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన అప్పు. కోర్సు అమ్మినవారికి డబ్బు మొత్తం ముందే చేరిపోయి, మీరు ఆ ఫైనాన్స్ సంస్థకు బాకీ పడతారు. ఇలాంటి ఫిర్యాదులు వచ్చాకే కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లో తల్లిదండ్రులకు ఒక సూచన జారీ చేసింది: ఆటోమేటిక్ డెబిట్‌కు ఒప్పుకోవద్దని, షరతులు చదవకుండా సంతకం చేయవద్దని, ఉచిత సేవల పేరుతో ఏం అడుగుతున్నారో గమనించాలని.

ముందు మీరు సంతకం చేసిన కాగితాలు, ఫోన్‌కు వచ్చిన సందేశాలు తీసి, అప్పు ఉందో లేదో చూడండి. అది అప్పు కాకుండా యాప్‌కు నేరుగా పోయే చందా అయితే, కోర్సు రద్దు చేస్తున్నట్టు సంస్థకు ఈ-మెయిల్ పంపి, మీ బ్యాంకులో ఆటో డెబిట్ అనుమతిని వెనక్కి తీసుకోండి. ఆ హక్కు మీకు ఎప్పుడూ ఉంటుంది. అప్పు అయితే వాయిదాలు ఉన్నట్టుండి ఆపేయకండి, అప్పులు తీర్చే తీరును చూపే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. కోర్సు రద్దు, మిగిలిన సొమ్ము వాపసు కోరుతూ రాసిన లేఖను యాప్ సంస్థకూ ఫైనాన్స్ సంస్థకూ ఒకేసారి పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అమ్మాయి పేరు, ఫోన్ నంబరు, మార్కులు వంటి వివరాలు తొలగించమని కూడా అదే లేఖలో రాయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అనే నిబంధన ఉంది.

ఇక వారు పెట్టిన పరీక్ష సంగతి. అమ్మకానికి వచ్చినవారు పెట్టే పరీక్షలో పిల్లలు వెనుకబడకపోతే అమ్మకం జరగదు కాబట్టి ఆ ఫలితాన్ని మనసులో పెట్టుకోకండి. ఈ ఏడాది అమ్మాయి రాసిన జవాబు పత్రాలు తీసుకుని ఒక సాయంత్రం ఆమె గణితం ఉపాధ్యాయుడిని కలవండి. ఏ పాఠంలో, ఏ మెట్టు దగ్గర ఆగుతోందో ఆయన పది నిమిషాల్లో చెప్పగలరు, దానికి ఎవరూ వాయిదాలు అడగరు.